పక్షుల పండుగలో మన పనేమిటి?



చలికాలపు పండుగ అనగానే మంచు కురిసే దేశాలు గుర్తుకొస్తాయి. మన నెల్లూరు తీరంలో మంచు ఎక్కడిది? మా కృష్ణపట్నంలో పుష్యమాసపు తెల్లవారుజామున ఉప్పుటేటి మీదుగా వచ్చే గాలికి చెవులకు తువ్వాలు చుట్టుకున్నామంటే అదే మాకు పెద్ద చలి. తొమ్మిది కొట్టేసరికి ఆ తువ్వాలు భుజం మీదికి దిగుతుంది. అయినా సంక్రాంతి కాకుండా మనకూ ఒక చలికాలపు పండుగ ఉంది. దాని వయసు పెద్దదేం కాదు, 2001లో మొదలైంది. జరిగేది సూళ్లూరుపేటలో. బోర్డుల మీద ఫ్లెమింగో ఫెస్టివల్ అని ఉంటుంది, జనం పక్షుల పండుగ అంటారు. ఈ పూట ఆ పండుగ మంచిచెడ్డలు కాస్త మాట్లాడుకుందాం.

ముందు వానల సంగతి చెప్పాలి. వానలు లేకపోతే ఆ పక్షులూ లేవు, పండుగా లేదు. తెలుగునాట చాలా చోట్ల వానాకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా. మన దగ్గర ఆ నెలల్లో మబ్బు పడితే పట్టింది, లేకపోతే లేదు. ఏడాది మొత్తం వానలో సగానికి పైగా మనకు అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. ఈశాన్య రుతుపవనాలు, వాటి వెనకాలే బంగాళాఖాతంలో వాయుగుండాలు. వాయుగుండం అని ఇదే రేడియోలో వినపడగానే మా దగ్గర పడవలు ఒడ్డెక్కుతాయి, పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎండుచేపలు లోపల పెట్టుకుంటారు. మనల్ని భయపెట్టే ఆ వాయుగుండాలే దక్షిణాన కాళంగి నదిని పారిస్తాయి, నేలపట్టు చెరువును నింపుతాయి, పులికాట్ సరస్సుకు తీపినీళ్ళు పోస్తాయి. వాన ఆలస్యమైతే పక్షులూ ఆలస్యంగా వస్తాయి. వాన మరీ ఎక్కువైనా చిక్కే. ఫ్లెమింగో నిలబడి మేసే పక్షి, సరస్సులో లోతు పెరిగితే దానికి కాలు మోపే చోటుండదు. పండుగ తేదీ కలెక్టరు కార్యాలయం నిర్ణయిస్తుంది గానీ, పక్షుల తేదీ నిర్ణయించేది ఈ వానే.

ఇక పండుగ. సూళ్లూరుపేట పేరు దేశానికి రాకెట్ల వల్ల తెలిసింది. పక్కనే శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న రోహిణి అనే చిన్న రాకెట్టుతో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. ఇప్పటికీ పెద్ద ప్రయోగం ఏదున్నా ఇస్రో పెద్దలు ముందు సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని వెళ్తారు. అలాంటి ఊరి చుట్టూ పక్షులు కూడా ఉన్నాయని నలుగురికీ చెప్పాలని, పర్యాటకులు రావాలని, బడిపిల్లలకు పక్షుల్ని చూపించాలని అప్పటి నెల్లూరు జిల్లా అధికారులు ఈ పండుగ మొదలుపెట్టారు. సూళ్లూరుపేటలో బడి మైదానంలో వేదిక, రకరకాల శాఖల స్టాళ్ళు, సాయంత్రం పాటలూ డాన్సులూ. పగలు బస్సుల్లో నేలపట్టు, అటకానితిప్ప, తడ దగ్గర భీములవారిపాళెంలో పడవ షికారు. 2025లో ఉబ్బలమడుగు జలపాతం కూడా కలిపారు. ఆ జలపాతానికీ ఫ్లెమింగోలకూ చుట్టరికం ఏమిటో నాకైతే అర్థం కాలేదు. పిక్నిక్‌కు మాత్రం మంచి చోటే.

ఇక్కడొక సంగతి ఉంది. 2020 జనవరి మొదటి వారంలో జరిగాక ఈ పండుగ ఆగిపోయింది. మొదట కరోనా అడ్డొచ్చింది. కరోనా పోయాక కూడా పండుగ రాలేదు. మధ్యలో 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశారు, సూళ్లూరుపేట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది. మళ్ళీ 2025 జనవరి 18, 19, 20 తేదీల్లో పండుగ జరిపారు. మధ్యలో గడిచిన చలికాలాలన్నిటిలో పక్షులు వచ్చాయి, గూళ్ళు కట్టాయి, పిల్లల్ని లేపాయి, వెళ్ళాయి. పండుగ ఏదని మనలో ఎవరూ గట్టిగా అడిగిందీ లేదు, పోనీ మనమే చేసుకుందామని పూనుకున్నదీ లేదు.

అదే నెల్లూరు ఏటి పండుగ చూడండి. కనుమ నాడు పెన్నా ఇసుకలో జరుగుతుంది. ధనుర్మాసమంతా వాకిళ్ళలో పెట్టిన గొబ్బెమ్మలను ఆడవాళ్ళు తట్టల్లో పెట్టుకుని ఏటికి తెస్తారు. నీళ్ళలో కలుపుతారు. ఊళ్ళోని దేవుళ్ళు పల్లకీల మీద ఏటి గట్టుకు వస్తారు. ఒకరు పులిహోర తెస్తే ఒకరు చెరుకుగడలు తెస్తారు, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు, తప్పిపోయిన పిల్లవాడి పేరు మైకులో నాలుగుసార్లు పిలుస్తారు. కార్పొరేషన్ వాళ్ళు దీపాలు పెడతారు, పోలీసులు దారి చూపిస్తారు, అంతవరకే సర్కారు పని. ఏటి పండుగ చేయండని ఎవరూ ఉత్తర్వు ఇవ్వరు, ఇవ్వకపోతే ఆగిపోదు. ఎందుకంటే అక్కడికి పోయే ప్రతి ఆడపిల్ల చేతిలో చేయాల్సిన పని ఒకటి ఉంది. ఆ గొబ్బెమ్మను ఆమే తీసుకెళ్ళాలి. పక్షుల పండుగకు పోయేవాడి చేతిలో ఏముంది? సెల్‌ఫోను.

నా ఫిర్యాదు ఇదొక్కటే. మిగతాదంతా ఆ పక్షుల గొప్పే, అది కూడా చెప్పకుండా పోలేను.

నేలపట్టుకు వెళ్ళండి. జాతీయ రహదారి మీద నాయుడుపేట దాటాక దొరవారిసత్రం వస్తుంది, అక్కడి నుంచి కొద్ది దూరమే. 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. మొత్తం కలిపి 459 హెక్టార్ల లోపే. అందులో చెరువు, ఆ చెరువు నీళ్ళలోనే మొదళ్ళు మునిగి నిలబడ్డ కడప చెట్లు. నీళ్ళలో నెలల తరబడి నిలబడినా కుళ్ళని చెట్లు అవి. వాటి మీద గూడబాతులు. గూడబాతు ఎగురుతున్నప్పుడు ఎంత హుందాగా ఉంటుందో, కొమ్మ మీద దిగేటప్పుడు అంత కంగారుగా ఉంటుంది. అంత పెద్ద శరీరం, ఆ కొమ్మేమో సన్నం. రెక్కలు టపటపలాడించి, పక్కగూటివాళ్ళను తిట్టించుకుని, చివరికి ఎలాగో కుదురుకుంటుంది. దాని ముక్కు కింద వేలాడే సంచిలో చేపలుంటాయని మనం పిల్లలకు చెబుతాం. నిజానికి ఆ సంచి వల లాంటిది, పట్టడానికే. పట్టిన చేపను మింగి, గూటికొచ్చి, పిల్ల కోసం మళ్ళీ గొంతులోకి తెస్తుంది. పిల్ల తల్లి నోట్లోకి తలా మెడా దూర్చేస్తుంది. దూరం నుంచి చూస్తే తల్లే పిల్లను మింగుతోందని గుండె ఆగిపోతుంది. క్షణం తర్వాత పిల్ల తల బయటికి తీసి ఇంకా కావాలని మారాం చేస్తుంది.

గూడబాతులతో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు, శబరి కొంగలు కూడా గూళ్ళు కడతాయి. ఒకే చెట్టు మీద కొమ్మకొక జాతి. కింద ఆకులన్నీ రెట్టతో సున్నం కొట్టిన గోడలా తెల్లబడతాయి. ఆ రెట్ట చెరువు నీళ్ళలో కలుస్తుంది, ఆ నీళ్ళు పొలాలకు పారతాయి, ఎరువు ఖర్చు తగ్గుతుందని ఆయకట్టు రైతులు చెబుతారు. పక్షుల్ని ఎవరూ కొట్టకుండా ఊరే కాపాడుకోవడానికి భక్తి ఒక కారణమైతే ఈ లెక్క ఇంకో కారణం. లాభం కలిసిన ప్రేమ కాబట్టే అది నిలిచిందని నా నమ్మకం.

పండుగ పోస్టర్ల మీద ఏటా కనిపించే మాట ఒకటుంది, విదేశీ అతిథులు అని. సైబీరియా నుంచి వేల మైళ్ళు ఎగిరి వస్తాయని ఉపన్యాసాల్లో కూడా చెబుతారు. నేలపట్టు గూడబాతు విదేశీ పక్షి కాదు. అది దక్షిణాసియా పక్షే, మన దేశంలోనే ఉంటుంది. నీళ్ళున్నచోట గూడు కట్టి, నీళ్ళు తగ్గితే ఇంకో చెరువు వెతుక్కుంటుంది. ఫ్లెమింగోలు కూడా సైబీరియావి కావు. మన దేశంలో అవి పెద్దయెత్తున గుడ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. మేత కోసం తీరం వెంబడి మన దాకా వస్తాయి. నిజంగా ఉత్తరాది మంచుదేశాల నుంచి వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. అవి గుంపులుగా సరస్సు మధ్యలో తేలుతుంటాయి, దగ్గరికి రావు, ఫొటోకు అందవు. అందుకే పోస్టరు మీదికి ఎక్కలేదు పాపం. మన సొంత పిల్లల్ని అతిథులని పిలవడం మర్యాదే కావచ్చు. కానీ అతిథి అన్నాక మూడు రోజులు మర్యాద చేసి పంపించేస్తాం. మనవాళ్ళయితే ఏడాదంతా వాళ్ళ తిండీ నీళ్ళూ మనమే చూసుకోవాలి కదా.

ఫ్లెమింగోను చూడాలంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు ఎక్కాలి. సరస్సు మధ్యలోంచి కట్ట వేసినట్టు పోతుంది ఆ రోడ్డు. రెండు వైపులా నీళ్ళే. ఆ దారిలోనే అటకానితిప్ప. దూరంగా నీళ్ళ మీద గులాబీ చాయ గీత గీసినట్టు కనిపిస్తే అవే. దుర్భిణిలో చూడండి, ఆ గీతలో మెడలు కదులుతుంటాయి. దాదాపు మనిషి ఎత్తు ఉంటుంది ఒక్కోటి. అది మేసే పద్ధతి విచిత్రం. తలను పూర్తిగా తిరగేసి, ముక్కు పైభాగం కిందికి పెట్టి నీళ్ళలో ముంచుతుంది. నాలుకను పంపులా ఆడిస్తూ నీళ్ళు లోపలికి పీల్చి, ముక్కు అంచున ఉండే సన్నటి పళ్ళచట్రంలోంచి బయటికి తోసేస్తుంది. నాచు, సన్న రొయ్యలు లోపల మిగులుతాయి. ఒంటి రంగు కూడా ఆ మేతలోదే. ఫ్లెమింగో పిల్ల బూడిదరంగులో పుడుతుంది, రంగు తేలడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. సముద్రపు రామచిలుకలని పత్రికలు రాస్తుంటాయి. తమాషా ఏమిటంటే 2018 నుంచి మన రాష్ట్ర పక్షి రామచిలుక, ఈ సముద్రపు రామచిలుకేమో గుజరాత్ రాష్ట్ర పక్షి.

రోడ్డు మీద నిలబడితే మనకు పక్షులు కనిపిస్తాయి. సరస్సు కష్టం కనిపించదు. పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, కొంత తమిళనాడులో ఉంది. శ్రీహరికోట దీవి దానికీ సముద్రానికీ మధ్య గోడలా అడ్డంగా ఉంటుంది. సరస్సుకు సముద్రంతో రాకపోకలు కొన్ని ముఖద్వారాల గుండానే. మన వైపు రాయదొరువు, తూపిలిపాళెం దగ్గరవి ఇసుక మేటలు వేసి పూడిపోతున్నాయి. ముఖద్వారం పూడితే సముద్రపు నీళ్ళు రావు, నీళ్ళతో పాటు రావాల్సిన చేపపిల్లా, రొయ్యపిల్లా రావు. ఎండాకాలం వచ్చేసరికి ఉత్తరాన సరస్సు నేల బీటలువారి, నీళ్ళున్నచోట ఇప్పుడు బండ్లు తిరుగుతాయి. వల పట్టుకున్నవాడు వలస పోతాడు. పక్షి తినేదీ జాలరి పట్టేదీ ఒకే నీళ్ళలోది కాబట్టి ఇద్దరి కష్టమూ ఒకటే. ఎన్నో ఏళ్ళుగా పూడిక తీస్తామనే మాట వింటూనే ఉన్నాం.

భీములవారిపాళెం రేవులో పడవ నడిపే పెద్దాయన ఒకాయన నాతో అన్న మాట మీకు చెప్పాలి. "పక్షులకు పండగ చేస్తుండారు, బాగుందయ్యా. ఆ మూడు దినాలు మాకూ నాలుగు రూపాయలు వస్తాయి. కానీ స్టేజీ మీద మా మాట ఒక్కటన్నా పలికినారా? ఈ నీళ్ళలో ఏడ లోతుందో, ఏ నెలలో ఏ పిట్ట వస్తదో మాకు తెలీదా?" నేనేమీ బదులు చెప్పలేకపోయాను.

పక్షి పేరు పెట్టుకున్న పండుగ మన దేశంలో ఇంకొకటి ఉంది, నాగాలాండ్ హార్న్‌బిల్ పండుగ. 2000లో మొదలైంది, మనకన్నా ఒక్క ఏడాది పెద్దది. అదీ ప్రభుత్వం పెట్టిందే. డిసెంబరు 1 నుంచి 10 దాకా కొహిమా దగ్గర కిసామా అనే ఊళ్ళో జరుగుతుంది. కానీ అక్కడ ఒక్కో నాగా తెగకు ఒక్కో మొరుంగ్ ఇల్లు కట్టించారు. ఆ ఇంట్లో వంట వాళ్ళదే, పాట వాళ్ళదే, వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడేదీ వాళ్ళే. జపాన్‌లో సప్పోరో అనే ఊరుంది, ఉత్తరాన, బాగా మంచు పడే ఊరు. 1950లో అక్కడి బడిపిల్లలు కొందరు ఊరి మధ్య పార్కులో మంచుతో ఆరు బొమ్మలు చేశారు. ఇప్పుడు ఆ మంచు పండుగకు లక్షల మంది వెళ్తారు. అంతా ఆరు బొమ్మలతో మొదలైంది, అవీ పిల్లలు చేసినవి. కలెక్టరు మొదలుపెట్టాడా, పిల్లలు మొదలుపెట్టారా అన్నది ముఖ్యం కాదు. వచ్చినవాడికి చేయడానికి చేతినిండా పని ఉందా లేదా అన్నదే చూడాలి.

మరి మన పక్షుల పండుగలో మనం చేయగలిగిన పని ఏది? ఒకటి కనిపిస్తోంది నాకు. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో నీటిపక్షుల లెక్క తీస్తున్నారు. జీతం పుచ్చుకునేవాళ్ళు కాదు, ఇష్టమున్నవాళ్ళే తీస్తారు. చెరువు గట్టు మీద నిలబడి, ఏ జాతివి ఎన్ని అని రాసుకోవడమే. వేల పక్షుల గుంపును ఎలా లెక్కపెట్టాలి అంటారా? ముందు పదింటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కంటికి పట్టించుకోవాలి. ఆ మేరతో మిగతా గుంపంతా కొలుచుకుంటూ పోవాలి. ఎనిమిదో తరగతి పిల్ల గంటలో నేర్చుకుంటుంది. ఇది మన పండుగ కాలంలోనే జరిగే పని. సూళ్లూరుపేట, దొరవారిసత్రం, తడ బడుల పిల్లలు లెక్క తీసి, సరస్సు జాలర్లు పడవల్లో దారి చూపించి, ఆ లెక్కను పండుగ వేదిక మీద పాటల కంటే ముందు చదివితే ఎలా ఉంటుంది? పోయినేటి కంటే గూడబాతులు తగ్గాయా పెరిగాయా, ముఖద్వారంలో పూడిక తీశారా లేదా, మంత్రిగారి ఎదుటే ఒక పిల్ల చదవాలి. ఏటా చదవాలి. ప్రభుత్వం పండుగ పెట్టిన ఏడూ చదవాలి, పెట్టని ఏడూ చదవాలి. లెక్క ఆగకపోతే పండుగ ఆగినట్టు కాదు.

పాటలు వద్దని నేను అనడం లేదు. వేదిక ఉన్నది సూళ్లూరుపేటలో, నేలపట్టు గూళ్ళు అక్కడికి చాలా దూరం. ఎంత గోలైనా చేసుకోవచ్చు. ఊరన్నాక తిరునాళ్ళు ఉండాలి, మిఠాయి కొట్టు ఉండాలి, రంగులరాట్నం ఉండాలి. గట్టు మీద మాత్రం గోల వద్దు.

ఇది సూళ్లూరుపేట వాళ్ళ పనేగా, కృష్ణపట్నం వాళ్ళకేం పట్టిందని మా ఊరి శ్రోతలు అనుకోవచ్చు. మన ఊరి పేరు దేశానికి తెలిసింది రెండుసార్లు. 2008లో పోర్టు వచ్చినప్పుడు ఒకసారి, 2021 మే నెలలో కరోనా మందు కోసం జనం విరగబడ్డప్పుడు ఒకసారి. బొగ్గు గుట్టలూ కరెంటు ప్లాంటూ చూసినవాడు ఇక్కడ పక్షులుంటాయని నమ్మడు. కండలేరు ఉప్పుటేటి మడచెట్ల దగ్గరికి ఆటుపోటు తగ్గిన వేళ వెళ్ళి చూడండి. బురదలో కొంగలూ, నీటికాకులూ, ఉల్లంకులూ తిరుగుతుంటాయి. వాటికి పండుగ లేదు, పోస్టరూ లేదు. వాటిని ఎవరైనా లెక్కపెట్టారా?

మన ముత్తుకూరు మండలంలో బడిపంతుళ్ళు ఈ ప్రసంగం వింటూ ఉంటే వాళ్ళకొక మనవి. ఈ జనవరిలో ఒక ఆదివారం పిల్లల్ని ఉప్పుటేటి గట్టుకు తీసుకుపోండి. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు, దొరికితే దుర్భిణి. ఎర్రచొక్కాలు వద్దు, కేకలు వద్దు, డ్రోను అసలే వద్దు. పక్షి పేరు తెలియకపోతే బొమ్మ గీయమనండి. నేలపట్టుకే పోదలుచుకుంటే నెల్లూరు నుంచి చీకటితో బయలుదేరే బస్సు ఎక్కండి. పక్షులు మేతకు లేచే వేళకు గట్టు మీద ఉంటారు. తీసిన లెక్కను తేదీ వేసి బడిలోనే భద్రపరచండి. వచ్చే జనవరికి దానితోనే పని.